ఆమె వెలుగు ఎంత?

అన్యాయం జరిగిన మనిషికి ఆలస్యంగానైనా న్యాయం చేస్తున్నప్పుడు నిజాన్ని కొంచెం పెంచి చెప్పవచ్చా? స్త్రీల చరిత్రను తవ్వి తీసే పనిలో ఉన్న మనందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. ఎవరో ఒక రచయిత్రి, ఒక ఉద్యమకారిణి, ఒక శాస్త్రవేత్త. ఆమె పేరు పుస్తకాల్లోంచి జారిపోయింది. మనం వెతికి పట్టుకున్నాం. ఇప్పుడు ఆమె గురించి రాయాలి. చేతిలో ఉన్న ఆధారాలు ఆమె గొప్పదనే చెబుతున్నాయి గాని, మనం కోరుకున్నంత గొప్పదని చెప్పడం లేదు. అప్పుడేం చేస్తాం?

నా వరకు ఈ ప్రశ్న ఖగోళశాస్త్రం వైపునుంచి వచ్చింది. నేను ఒక మహిళా డిగ్రీ కళాశాలలో ఫిజిక్స్ చెబుతాను. కొద్దిమంది మిత్రులం కలిసి హైస్కూలు ఆడపిల్లల కోసం స్త్రీ శాస్త్రవేత్తల మీద ఒక చిన్న పుస్తకం తయారుచేస్తున్నాం. బియాట్రిస్ టిన్స్‌లీ గురించి రాయడం నా వంతు. నా ముసాయిదా చదివిన మిత్రురాలు ఒకరు మార్జిన్‌లో ఇలా రాశారు: “దీన్ని ఇలా మొదలుపెట్టండి - విశ్వం విస్తరించే వేగం పెరుగుతోందని 1998 కన్నా ఇరవై మూడేళ్ళ ముందే కనిపెట్టిన స్త్రీ ఈమె. నోబెల్ మాత్రం మగవాళ్ళకు పోయింది.” ఫోన్‌లో మాట్లాడినప్పుడు ఇంకో మాట కూడా అన్నారు. “మగవాళ్ళ చరిత్ర అంతా ఇలాంటి వాక్యాలతోనే కట్టారు కదండీ. మనం ఒక్క వాక్యం రాస్తే కొంప మునుగుతుందా?”

ఆవిడ అడిగింది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఆ వాక్యంలో ప్రతి ముక్కకూ ఎంతో కొంత ఆధారం ఉంది. అయినా మొత్తం వాక్యం నిజం కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే ముందు గెలాక్సీ గుచ్ఛాల గురించి చెప్పాలి. ఫిజిక్స్ చదవని పాఠకులు భయపడనక్కర్లేదు. ఇందులో లెక్కలకన్నా తర్కమే ఎక్కువ.

విశ్వం విస్తరిస్తోందని 1929లో ఎడ్విన్ హబుల్ కొలతలు చూపించాయి. గెలాక్సీలు మననుంచి ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా దూరమవుతున్నాయి. (ఆ దూరాలు కొలవడానికి హబుల్‌కి ఆధారమైన సూత్రం హెన్రియెటా లీవిట్ అనే స్త్రీ 1912లో ప్రచురించింది. అది వేరే కథ.) విశ్వంలో ఉన్న పదార్థమంతా ఒకదాన్నొకటి లాక్కుంటుంది కాబట్టి ఈ విస్తరణ వేగం క్రమంగా తగ్గుతూ ఉండాలని అందరూ అనుకున్నారు. ఎంత తగ్గుతోంది అన్నదే ప్రశ్న. అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త అలెన్ సాండేజ్ 1970లో విశ్వశాస్త్రాన్ని రెండు అంకెల కోసం జరుగుతున్న వెతుకులాటగా వర్ణించాడు. ఒకటి ఇప్పటి విస్తరణ వేగం. రెండోది ఆ వేగం తగ్గుతున్న రేటు.

రెండో అంకె దొరకాలంటే ఇప్పటి వేగాన్నీ పూర్వపు వేగాన్నీ పోల్చి చూడాలి. పూర్వాన్ని చూడడం ఖగోళశాస్త్రంలో కష్టం కాదు. కాంతి ప్రయాణానికి కాలం పడుతుంది కాబట్టి దూరంగా చూడడమంటేనే గతాన్ని చూడడం. అసలు చిక్కు దూరం కొలవడంలో ఉంది. ఊరంతా ఒకే వాటేజి బల్బులు ఉన్నాయని ముందే తెలిస్తే, మసగ్గా కనిపించే బల్బు దూరంగా ఉందని చెప్పగలం. ఆకాశంలో అలాంటి ఒకే వాటేజి బల్బులు ఎక్కడ దొరుకుతాయి? గెలాక్సీ గుచ్ఛాల్లో దొరుకుతాయని సాండేజ్ నమ్మాడు. వందలనుంచి వేల గెలాక్సీలు పరస్పర ఆకర్షణలో చిక్కుకుని ఉండే సమూహం గుచ్ఛం. మనకు దగ్గరలో ఉన్న పెద్ద గుచ్ఛం కన్యారాశి దిక్కున దాదాపు అయిదున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ప్రతి గుచ్ఛంలోనూ అన్నిటికన్నా ఎక్కువగా వెలిగే పెద్ద గెలాక్సీ ఒకటి ఉంటుంది. ఈ పెద్ద గెలాక్సీల ప్రకాశం ఒక గుచ్ఛానికీ ఇంకో గుచ్ఛానికీ పెద్దగా మారడం లేదని సాండేజ్ గమనించాడు. అంటే ఇవే మన బల్బులు. వీటిని దగ్గరా దూరమూ వరసగా కొలుచుకుంటూ పోతే విశ్వం ఎలా నెమ్మదిస్తోందో తెలిసిపోతుంది.

టిన్స్‌లీ ఇక్కడ అడ్డుపడింది. ఆమె అభ్యంతరం వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. దూరపు గెలాక్సీని చూస్తున్నామంటే చిన్న వయసులో ఉన్న గెలాక్సీని చూస్తున్నామని అర్థం. గెలాక్సీ అంటే నక్షత్రాల సమూహం. నక్షత్రాలు పుడతాయి, పెరుగుతాయి, ఆరిపోతాయి. కొన్ని వందల కోట్ల ఏళ్ళ కిందట ఆ గెలాక్సీ ఇప్పటికన్నా ఎక్కువగా వెలుగుతూ ఉండి ఉండాలి. వయసుతో మారే బల్బుని మారని బల్బుగా లెక్కేస్తే దూరం తప్పుతుంది. దూరం తప్పితే విశ్వం కథంతా తప్పుతుంది. ఆమె వట్టి అనుమానం దగ్గర ఆగలేదు. గెలాక్సీలో ఎన్ని రకాల నక్షత్రాలు ఉంటాయో, ఒక్కోటి ఎంతకాలం ఎలా వెలుగుతుందో కలిపి, మొత్తం గెలాక్సీ వెలుగు కాలంతో ఎలా మారుతుందో కంప్యూటర్ మీద లెక్కగట్టింది. ఆమె డాక్టరేట్ పరిశోధన అదే. ఈ మార్పుకి చెయ్యవలసిన సవరణ, సాండేజ్ కొలవాలనుకుంటున్న అంకెను తారుమారు చేసేంత పెద్దదని తేలింది. సాండేజ్‌కి ఇది నచ్చలేదు. సవరణ చిన్నదేనని అతను వాదించాడు. కొన్నేళ్ళపాటు ఆ వాదం నడిచింది.

ఆ పరిశోధన చేస్తున్నప్పటి ఆమె పరిస్థితి చూడండి. 1941లో ఇంగ్లండులో పుట్టి న్యూజిలాండ్‌లో పెరిగింది. అక్కడి క్రైస్ట్‌చర్చ్‌లో ఫిజిక్స్ చదివింది. తోటి భౌతికశాస్త్రజ్ఞుణ్ణి పెళ్ళి చేసుకుంది. భర్త ఉద్యోగం కోసం 1963లో ఇద్దరూ అమెరికాలోని డాలస్‌కి వెళ్ళారు. డాలస్‌లో ఆమెకు పరిశోధన చేసే చోటు లేదు. మూడు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో చేరి, వారంవారం తిరుగుతూ పిహెచ్.డి. పూర్తి చేసింది. ఇద్దరు పిల్లల్ని దత్తత తీసుకుంది. పత్రాలు ప్రచురిస్తూనే ఉంది, పేరు వస్తూనే ఉంది. డాలస్‌లో మాత్రం ఆమె స్థాయికి తగిన స్థిరమైన ఉద్యోగం దొరకలేదు. 1974లో విడాకులు తీసుకుంది. పిల్లలు తండ్రి దగ్గర ఉండిపోయారు. 1975లో యేల్ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి 1978లో ప్రొఫెసర్ అయింది. ఆ విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్రంలో తొలి మహిళా ప్రొఫెసర్ ఆమె. అదే ఏడు చర్మ క్యాన్సర్ అని తెలిసింది. 1981 మార్చిలో చనిపోయేనాటికి ఆమె వయసు నలభై.

ఇప్పుడు 1975కి వద్దాం. ఆ ఏడాది జేమ్స్ గన్, బియాట్రిస్ టిన్స్‌లీ కలిసి ‘నేచర్’ పత్రికలో ఒక పత్రం ప్రచురించారు. దాని శీర్షికకు తెలుగు ‘వేగం పెరుగుతున్న విశ్వం’. గుచ్ఛాల్లోని పెద్ద గెలాక్సీల మీద కొత్త కొలతలు తీసుకుని, వాటికి టిన్స్‌లీ చెప్పిన వయసు సవరణ చేశారు. పాత గెలాక్సీలు అసలు ఎక్కువ వెలుగువి అనుకుంటే, మనకు కనిపించే మసక వెలుగుకి అవి ఇంకా ఎక్కువ దూరంలో ఉండి ఉండాలి. అలా దూరాలు పెరిగేసరికి విస్తరణ నెమ్మదించడం మాట అటుంచి, వేగం పుంజుకుంటున్నట్టు కనిపించింది. అయిన్‌స్టయిన్ 1917లో తన సమీకరణాల్లో పెట్టి తర్వాత వదిలేసిన విశ్వ స్థిరాంకాన్ని మళ్ళీ తెచ్చుకోవలసి వస్తుందని వాళ్ళు రాశారు. డార్క్ ఎనర్జీ అని ఇప్పుడు మనం పిలుస్తున్నదానికి అతి సరళమైన రూపం ఆ స్థిరాంకమే.

నా మిత్రురాలి వాక్యానికి ఆధారం ఈ పత్రం. అయితే ఆ పత్రమే తన వాదంలో ఎక్కడెక్కడ పొరపాటు జరిగి ఉండవచ్చో కూడా చెబుతుంది. విశ్వం ఆకారం మూసుకుని ఉందని కూడా ఆ పత్రం భావించింది. ఈనాటి కొలతల ప్రకారం అది సమతలంగా ఉంది. అంతకు ముందు ఏడాది టిన్స్‌లీ మరో ముగ్గురితో కలిసి రాసిన పత్రం విశ్వానికి ఇంకో నమూనా చెప్పింది. తక్కువ పదార్థంతో, స్థిరాంకం అక్కర్లేకుండానే ఎప్పటికీ విస్తరించే నమూనా అది. దాని శీర్షిక చివర ప్రశ్నార్థకం ఉంది. ఒకే మనిషి ఏడాది తేడాలో రెండు నమూనాలు చెప్పింది. కొత్త కొలతలు వచ్చినప్పుడు పాత అభిప్రాయాన్ని పట్టుకుని వేలాడలేదు.

పైగా 1975లోనే ఇంకో సవరణ కూడా ముందుకొచ్చింది. గుచ్ఛం మధ్యలో ఉన్న పెద్ద గెలాక్సీ చుట్టుపక్కల చిన్న గెలాక్సీలను మింగుతూ పెరుగుతుందని జెరెమయా ఆస్ట్రైకర్, స్కాట్ ట్రెమైన్ చూపించారు. అలాగైతే పూర్వం అది ఇప్పటికన్నా చిన్నది, తక్కువ వెలుగుది. ఈ సవరణ టిన్స్‌లీ సవరణకు సరిగ్గా ఎదురు దిక్కులో లాగుతుంది. రెండిట్లో ఏది ఎంతో ఎవరూ తేల్చలేకపోయారు. గుచ్ఛాల్లోని పెద్ద గెలాక్సీలతో విస్తరణ కొలిచే పద్ధతి క్రమంగా మూలపడింది. 1998లో రెండు బృందాలు సూపర్నోవాలను, అంటే పేలిపోయే నక్షత్రాలను, బల్బులుగా తీసుకుని వేగం పెరుగుతోందని చూపించాయి. 2011లో నోబెల్ ఆ కొలతకు వచ్చింది. సాల్ పెర్ల్‌మటర్, బ్రయన్ ష్మిట్, ఆడమ్ రీస్ దాన్ని పంచుకున్నారు.

కాబట్టి టిన్స్‌లీ కనిపెట్టిందా? గన్, టిన్స్‌లీ చెప్పిన ముగింపు ఇప్పటి ముగింపుతో కలిసింది. దానికి వాళ్ళు చూపిన ఆధారం మాత్రం ఆ బరువు మొయ్యలేదు. ‘నోబెల్ పోయింది’ అనే మాట కూడా నిలవదు. ఆ బహుమతి ఇచ్చింది వేరే పద్ధతిలో చేసిన కొలతకు. అప్పటికి ఆమె చనిపోయి ముప్ఫై ఏళ్ళు. పైగా ఆ 1975 పత్రంలో సగం గన్‌ది. ఆ వాక్యం రాయడానికి గన్‌ని చెరిపెయ్యాలి. ఒకరి పేరు చెరిపెయ్యడమే మన ఫిర్యాదు అయినప్పుడు ఆ పని మనం ఎలా చేస్తాం?

ఇక నా మిత్రురాలి వాదాన్ని ఆవిడ వైపునుంచే చూస్తాను. అందులో మూడు అంశాలున్నాయి. ఒకటి, చరిత్ర ఎప్పుడూ పెంచి చెప్పిందే, ఇన్నాళ్ళూ మగవాళ్ళను పెంచింది. రెండు, ఆడపిల్లలకు ఆదర్శాలు కావాలి, ‘బహుశా’లూ ‘అయితే’లూ వాళ్ళలో ఉత్సాహం నింపవు. మూడోది అన్నిటికన్నా బలమైనది. స్త్రీల విషయంలో ఆధారాలు దొరకనిదే వాటిని ఎవరూ దాచలేదు కాబట్టి. దాచనివాళ్ళే ఇప్పుడు రుజువులేవని అడుగుతున్నారు. రుజువు అడగడం ఎప్పుడూ అమాయకమైన పని కాదు. ఇంట్లో దెబ్బలు తిన్న స్త్రీని రుజువు అడుగుతారు, ఆఫీసులో వేధింపు గురించి చెప్పిన స్త్రీని రుజువు అడుగుతారు. ఆ అడిగే గొంతులో మనమూ గొంతు కలుపుతామా?

ఈ మూడో మాట నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. నాకు దొరికిన జవాబు ఇది. రుజువు అడగడంలో అన్యాయం ఉన్నది ఒకరిని అడిగి ఇంకొకరిని అడగకపోవడంలో. దానికి విరుగుడు ఎవర్నీ అడగకపోవడం కాదు, అందర్నీ ఒకేలా అడగడం. టిన్స్‌లీ సాండేజ్‌ని అడిగింది ఇదే. నీ గెలాక్సీలు నిన్నా ఇవాళా ఒకేలా ఉన్నాయని నీకెలా తెలుసు? ఆ కాలంలో ఆ రంగంలో సాండేజ్ ఎంత పెద్దవాడో తెలిస్తే ఆ ప్రశ్న విలువ తెలుస్తుంది. పలుకుబడి ఉన్నవాళ్ళను రుజువు అడగగలిగిన స్త్రీ ఆమె. అలాంటి మనిషిని రుజువు అక్కర్లేని కథలో కూర్చోబెట్టడం ఆమెకు చేసే గౌరవం కాదు. జీవితమంతా ఆమె చెప్పింది వెలుగుకి సరైన సవరణ చెయ్యమని. ఆమె వెలుగుకే మనం తప్పుడు సవరణ చేస్తే?

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ‘మొదట కనిపెట్టింది’ అనే పోటీ ఎవరు పెట్టినది? మన సాహిత్యంలోనే ఒక ఉదాహరణ చూడండి. తెలుగులో మొదటి కథ గురజాడ 1910లో రాసిన ‘దిద్దుబాటు’ కాదు, భండారు అచ్చమాంబ 1902లో రాసిన ‘ధన త్రయోదశి’ అని మనం వాదించాం. ఆ వాదం అవసరమైనదే. అచ్చమాంబ పేరు పాఠ్యపుస్తకాల చర్చలోకి వచ్చింది దానివల్లే. అయితే అంతకు ముందూ కథలున్నాయని పరిశోధకులు చూపించగానే ఏమైంది? తేదీ మీద నిలబెట్టిన గౌరవం తేదీతో పాటే ఊగింది. ముప్ఫై ఏళ్ళకే చనిపోయిన ఆ మనిషి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు పోగుచేసిందన్న సంగతి, అంటే మనం ఇవాళ చేస్తున్న పనిని శతాబ్దం కిందటే మొదలుపెట్టిందన్న సంగతి, ఆ పోటీలో వెనక్కి పోయింది. టిన్స్‌లీకీ అదే ప్రమాదం ఉంది. ఆమెను ‘డార్క్ ఎనర్జీని ముందే కనిపెట్టిన స్త్రీ’గా నిలబెడితే, ఆ 1975 పత్రం చదివిన మొదటి విమర్శకుడే పడగొట్టగలడు. ఆమె నిజంగా చేసిన పనిని ఎవరూ పడగొట్టలేరు. గెలాక్సీలు కాలంతో ఎలా మారతాయో లెక్కగట్టే విద్యకు పునాది వేసినవాళ్ళలో ఆమె ఒకతె. ఇవాళ గెలాక్సీ వెలుగు చూసి వయసు చెప్పే ప్రతివాళ్ళూ ఆ దారినే నడుస్తున్నారు.

పెంచి చెప్పడం విజయాల దగ్గరే ఆగదు. టిన్స్‌లీ పిల్లల్ని వదిలి వెళ్ళడం గురించి రెండు రకాల రాతలు నేను చదివాను. ఒక రకం ఆమెను నిలదీస్తుంది. రెండో రకం ఆమెను వీరనారిని చేస్తుంది. ఈ రెండో రకంలో ఆ నిర్ణయం ఒక గొప్ప విముక్తి, అందులో ఆమెకు నొప్పి లేదు. నేను ఉద్యోగం కోసం మూడేళ్ళు వేరే ఊళ్ళో ఉన్నాను. ఏడేళ్ళ మా అబ్బాయి మా అమ్మ దగ్గర ఉన్నాడు. ఆ మూడేళ్ళలో “బాబుని ఎవరు చూసుకుంటున్నారు?” అని నన్ను అడగని సహోద్యోగి లేరు. మా ఆయన్ని ఆయన ఆఫీసులో ఎవరూ అడగలేదు. అలాగని ఆ మూడేళ్ళు నాకు విముక్తిలా అనిపించాయని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. ప్రతి ఆదివారం సాయంత్రం బస్సెక్కేటప్పుడు వాడు చెయ్యి ఊపడం మానేసి లోపలికి వెళ్ళిపోయేవాడు. విముక్తి కథలో ఆ సాయంత్రాలకు చోటు లేదు. నింద కథలో నా పాఠాలకు చోటు లేదు.

అయిన్‌స్టయిన్ 1917లో విశ్వ స్థిరాంకం రాసినప్పుడు అతను బెర్లిన్‌లో ఉన్నాడు. 1914లో విడిపోయిన భార్య మిలేవా ఇద్దరు కొడుకులతో జూరిక్‌లో ఉంది. ఆ స్థిరాంకం పాఠం చెప్పేటప్పుడు పిల్లల్ని ఎవరు పెంచారన్న ప్రశ్న నేను ఏ తరగతిలోనూ వినలేదు. అతన్ని ఇప్పుడు నిలదియ్యమని కాదు నేను అంటున్నది. టిన్స్‌లీని అడిగేవాళ్ళు అతన్నీ అడగాలి, అతన్ని అడగనివాళ్ళు ఆమెనూ వదిలెయ్యాలి. సవరణ ఏదైనా రెండువైపులా ఒకటే ఉండాలి. అది ఎంతవరకు నష్టం, ఎంతవరకు ఎంపిక, ఎంతవరకు ఉద్యోగం ఇవ్వని వ్యవస్థ చేసిన పని అన్నది విడివిడిగా చెప్పగలిగినంత చెప్పాలి. చెప్పలేనిచోట ఆగాలి.

గుచ్ఛాల కథ 1975తో అయిపోలేదు. ఈమధ్య ఇరవై ఏళ్ళలో విశ్వ విస్తరణను అర్థం చేసుకోవడానికి అవి మళ్ళీ ముందుకు వచ్చాయి. ఈసారి బల్బులుగా కాదు. ఇప్పుడు గుచ్ఛాలను లెక్కపెడుతున్నారు, బరువు తూస్తున్నారు. గురుత్వం పదార్థాన్ని పోగుచేసి గుచ్ఛాలు కడుతూ ఉంటే, డార్క్ ఎనర్జీ విస్తరణను తోసి ఆ పోగుపడడాన్ని అడ్డుకుంటుంది. కాబట్టి ఏ యుగంలో ఎంత బరువైన గుచ్ఛాలు ఎన్ని ఉన్నాయో తెలిస్తే ఆ పోటీ ఎలా నడిచిందో తెలుస్తుంది. ఇబ్బంది ఏమిటంటే గుచ్ఛం బరువులో కంటికి కనిపించే నక్షత్రాల వాటా చాలా తక్కువ. అంతకన్నా ఎక్కువ వేడి వాయువు రూపంలో ఎక్స్ కిరణాలు వెదజల్లుతూ ఉంటుంది. మిగిలిన అయిదింట నాలుగు వంతుల పైచిలుకు వెలుగే ఇవ్వని డార్క్ మేటర్. వెనక ఉన్న గెలాక్సీల కాంతి గుచ్ఛం పక్కనుంచి వచ్చేటప్పుడు ఎంత వంగిందో చూసి ఆ బరువు అంచనా వేస్తారు. వెలుగుని బట్టి బరువు ఊహించడం ఎంత ప్రమాదమో టిన్స్‌లీ కాలంనుంచి నేర్చుకున్న పాఠమే.

చంద్ర అనే ఎక్స్ కిరణాల టెలిస్కోప్‌తో 86 గుచ్ఛాలను చూసి, విస్తరణ వేగం పుంజుకుంటోందన్న మాటను 2008 చివర్లో ఒక బృందం స్వతంత్రంగా సమర్థించింది. 2024లో ఈరోసిటా అనే జర్మన్ టెలిస్కోప్ 5,259 గుచ్ఛాలతో ఆ పని చేసింది. అక్కడ గుచ్ఛాల పరిశోధనకు నాయకత్వం వహిస్తున్నది ఎస్రా బుల్బుల్ అనే స్త్రీ. వాళ్ళ ఫలితం అయిన్‌స్టయిన్ స్థిరాంకంతో సరిపోయింది. ఈ రెంటికీ మధ్య 2020లో డార్క్ ఎనర్జీ సర్వే అనే బృందం ప్రచురించిన పత్రం నా ఉద్దేశంలో ఈ వ్యాసానికి అన్నిటికన్నా దగ్గరిది. వాళ్ళు జవాబు తమకే కనిపించకుండా మూసిపెట్టుకుని విశ్లేషణ అంతా చేశారు. తమ కోరిక లెక్కల్లోకి చొరబడకుండా ఈ ఏర్పాటు. చివర్న తెరిచి చూస్తే, విశ్వంలో పదార్థం మిగతా పద్ధతులన్నీ చెప్పినదానికన్నా బాగా తక్కువని వచ్చింది. సంచలనం చేసుకోవచ్చు. దాచెయ్యనూ వచ్చు. వాళ్ళు రెండూ చెయ్యలేదు. ఫలితాన్ని ఉన్నదున్నట్టు ప్రచురించి, తక్కువ గెలాక్సీలున్న చిన్న గుచ్ఛాల బరువు తూచడంలో తమకు తెలియని దోషం ఉండి ఉండవచ్చని రాశారు.

మనకు కావలసిన జవాబు వచ్చేదాకా లెక్క సవరించి, అది రాగానే సవరణ ఆపెయ్యడం అందరిలోనూ ఉన్న బలహీనత. న్యాయం మనవైపు ఉన్నప్పుడు ఆ బలహీనత ఇంకా ఎక్కువవుతుంది, ఎందుకంటే అప్పుడది బలహీనతలా కనిపించదు.

డార్క్ ఎనర్జీ అంటే ఏమిటో ఇవాళ్టికీ తెలియదు. విశ్వంలో అది 68 శాతం ఉంటుందని అంచనా. అది ఎప్పటికీ ఒకేలా ఉండే స్థిరాంకం కాకపోవచ్చని, కాలంతో బలహీనపడుతూ ఉండవచ్చని డెసి అనే సర్వే 2024, 2025లలో సూచనలు ఇచ్చింది. 2025 నవంబరులో దక్షిణ కొరియాలోని యోన్సే విశ్వవిద్యాలయ బృందం ఇంకో అభ్యంతరం లేవనెత్తింది. సూపర్నోవాల వెలుగు కూడా వాటికి జన్మనిచ్చిన నక్షత్రాల వయసుని బట్టి మారుతుందని, ఆ సవరణ చేస్తే ఇప్పుడు వేగం పెరగడమే లేదని వాళ్ళ వాదం. చాలామంది ఒప్పుకోలేదు, చర్చ జరుగుతోంది. రేపు ఏది తేలినా, అడిగిన ప్రశ్న మాత్రం టిన్స్‌లీ అడిగినదే. నీ బల్బు వయసు ఎంత? ‘ముందే కనిపెట్టింది’ అని రాసి ఉంటే, ఒకవేళ ఆ వాదం నెగ్గిన రోజున ఆమె కీర్తి కూలిపోయేది. ఉన్నదున్నట్టు రాస్తే అదే రోజున ఆమె మాట ఇంకా బలపడుతుంది.

చివరికి పిల్లల పుస్తకంలో నేను రాసిన మొదటి పేరా ఇది: “దూరంగా ఉన్న గెలాక్సీని చూస్తే దాని చిన్నప్పటి రూపం కనిపిస్తుంది. కాబట్టి దాని వెలుగును ఇప్పటి వెలుగుగా లెక్కపెట్టకూడదని బియాట్రిస్ టిన్స్‌లీ అందరికీ నేర్పింది. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఆమెతో వాదించారు. ఆమె లెక్కలు చూపించింది. 1975లో ఆమె, జేమ్స్ గన్ కలిసి విశ్వం విస్తరించే వేగం పెరుగుతూ ఉండవచ్చని రాశారు. అప్పటికి ఆధారం చాలలేదు, ఆ సంగతి వాళ్ళకూ తెలుసు. తర్వాత వేరేవాళ్ళు వేరే దారిలో అక్కడికి చేరారు.” నా మిత్రురాలికి ఇది ఇంకా చప్పగానే ఉంది. పిల్లలకు చప్పగా ఉంటుందో లేదో చదివాక వాళ్ళే చెబుతారు. తెలియనిదాన్ని తెలియదని చెప్పి కూడా గొప్పదైన స్త్రీ ఆదర్శంగా పనికిరాదని మనం ముందే ఎందుకు అనుకోవాలి?

ఇంత చెప్పాక ఒక విషయం మిగిలే ఉంది. ఆకాశాన్ని జల్లెడపట్టే ప్రతి సర్వేలోనూ ఒక దోషం ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ బాగా వెలిగేవే కనిపిస్తాయి. మసకవి అక్కడే ఉంటాయి, మనకు అందవు. అందినవాటినే లెక్కపెట్టి విశ్వమంతా పెద్ద పెద్ద గుచ్ఛాలే అనుకుంటే తప్పు. అందుకని కనిపించినవాటి ఆధారంగా కనిపించనివి ఎన్ని ఉండాలో లెక్కగట్టి చేరుస్తారు. మన చరిత్రకు ఈ సవరణ ఇంకా చెయ్యలేదు. డాలస్‌నుంచి ఆస్టిన్‌కి వారంవారం తిరిగి నెగ్గుకొచ్చిన టిన్స్‌లీ మనకు కనిపిస్తోంది. తిరగలేక మానేసినవాళ్ళు కనిపించరు. నా దగ్గర చదువుకుని, ఫిజిక్స్‌లో మొదటి శ్రేణిలో పాసై, పెళ్ళయ్యాక ఏ ఊళ్ళో ఉన్నారో కూడా తెలియని అమ్మాయిల పేర్లు నా పాత హాజరు పట్టీల్లో ఉన్నాయి. టిన్స్‌లీ వెలుగును రెట్టింపు చేసి రాసినందువల్ల వాళ్ళలో ఒక్కరైనా కనిపిస్తారా? ఉన్న వెలుగును సరిగ్గా కొలిస్తేనే కనిపించనివాళ్ళు ఎంతమందో లెక్క తేలుతుంది. ఆ లెక్క మనం ఇంకా మొదలుపెట్టవలసే ఉంది.